మందుల సంచి

అక్టోబర్ 24

బకెట్ నిండా నీళ్లు. వాటర్‌ప్రూఫ్ సంచిలో పాత పేపరు పెట్టి, మూతి మూడు మడతలు వేసి, బకిల్ నొక్కి, నీళ్లలో ముంచి పట్టుకున్నాను. బుడగలు లేవు. తీసి విప్పితే పేపరు ఒక మూల తడి. మడత ఒకవైపు వదులుగా పడింది. మళ్లీ.

హాస్టల్ గదిలో బాత్రూమ్ ఒకటే. మూడో మంచం అమ్మాయి బయట నుంచి తలుపు బాదుతోంది. శ్రావణి తన మంచం మీద నుంచే — "ఆగు జర. మా సిస్టరమ్మ సంచికి తానం చేపిస్తున్నది."

కాన్వెంటులో చదివానని చెప్పిన రోజు నుంచి నాకు ఆ పేరే. ఆమె ఫోన్లో కూడా అదే ఉంది.

చివరికి పేపరు పొడిగా వచ్చింది. ఈ ఎర్ర సంచి శ్రావణి ఇన్సులిన్‌కి. పదో తరగతి నుంచి ఆమె సూదుల మీదే ఉంది — తినే ముందు ఒకటి, పడుకునే ముందు ఒకటి. అవి తడిసినా, పోయినా, నది మధ్యలో మెడికల్ షాపు ఉండదు.

అక్టోబర్ 25

మా టీమ్ లీడ్ మూర్తి గారు కెఫెటేరియాలో టిష్యూ కాగితం మీద నది గీశారు. కృష్ణ బ్యాక్‌వాటర్. అటూ ఇటూ నల్లమల. రెండు కెనూ పడవలు, నలుగురం — ఆయన, భార్య పద్మ గారు, శ్రావణి, నేను. నాలుగు రోజులు తెడ్డు వేసుకుంటూ వెళ్లడమే. మధ్యలో ఊరు లేదు, సిగ్నల్ లేదు.

"తడిస్తే ఆరబెట్టుకుంటామండి. వాసన అలా కాదు. పోయినసారి ఒకాయన చొక్కా జేబులో చిక్కీ మర్చిపోయాడు. అడవిపందులొచ్చి గుడారం చీల్చేశాయి. ఆయన లోపల లేడు కాబట్టి బతికాడు."

అందుకే నీలం డ్రమ్ము. బిగుతు మూతది. తిండి, నూనె, సబ్బు, టూత్‌పేస్టు — వాసన వచ్చేదేదైనా అందులోకే. వంట, తిండి గుడారాలకు దూరంగా. డ్రమ్ము కూడా అక్కడే.

"నా పౌడర్ గూడనా సార్? పందులు పౌడర్ రాసుకుంటయా?" — శ్రావణి.

మూర్తి గారు నవ్వలేదు. "పౌడర్ కూడానండి."

అక్టోబర్ 26

చిక్కు ఇది. ఇన్సులిన్ తడవకూడదు. వేడెక్కకూడదు కూడా. మూసిన సంచి తడి రానివ్వదు, వేడి పోనివ్వదు.

రోజంతా కోడ్ చూస్తూ దీని గురించే ఆలోచన. సాయంత్రం తట్టింది — సంచి మూసే ఉంచి, పైన తడి తువ్వాలు చుట్టాలి. ఆరుతూ చల్లబరుస్తుంది. కుండకు చుట్టినట్టు. హాస్టల్ టెర్రస్ మీద ఎండలో పెట్టి చూశాం. లోపల పెట్టిన నీళ్ల సీసా చల్లగా ఉంది.

శ్రావణి నా నెత్తి మీద ముద్దు పెట్టింది. నాకు ఏం చేయాలో తెలియక తువ్వాలు పిండాను.

ఒక జత ఇన్సులిన్ పెన్నులు ఎర్ర సంచిలో. ఇంకో జత విడిగా, నల్ల సంచిలో, బట్టల మధ్య. ఒకటి పోతే ఒకటి. ఇది డాక్టరు చెప్పింది.

అక్టోబర్ 29

శ్రావణి వాళ్ల నాన్న లక్ష్మయ్య గారు హాస్టల్ గేటు దగ్గరికి వచ్చారు. కొండాపూర్‌లో ఏదో అపార్ట్‌మెంట్లకు రాత్రి కాపలా. యూనిఫాం మీదే ఉన్నారు, చేతిలో జామకాయల కవరు.

"నీళ్ల మీద నీకేం పనే?"

"పని లేకనే పోతున్న నాయినా. పనుంటే ఎట్ల పోత?"

ఆయన నా వైపు తిరిగారు. "నువ్వున్నవంట గద బిడ్డా. నువ్వుంటే ఫికర్ లేదు."

తల ఊపాను. ఆయన వెళ్లాక గుర్తొచ్చింది, కనీసం నమస్కారం పెట్టలేదని.

నవంబర్ 2

హఫీజ్‌పేట్. పద్మ గారింట్లో సర్దడం. చికెన్ పచ్చడి, ఎండు రొయ్యల పొడి, చింతపండు పులుసు ముద్ద. ప్రతి డబ్బా మూత మీద ప్లాస్టిక్, దాని మీద రబ్బరు బ్యాండు, అది మళ్లీ ఇంకో కవరులో. పద్మ గారు చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చాకే కవరు బయటివైపు ముట్టుకున్నారు. చెప్పకుండానే. ఆమె పద్ధతి అది.

డ్రమ్ము మూసి నలుగురం ముక్కులు పెట్టి చూశాం. ఏమీ లేదు.

"మా అపార్ట్‌మెంటులో శాకాహారుల మధ్య పదేళ్లు చేపల పులుసు వండానమ్మా. పందులెంత" — పద్మ గారు.

నవంబర్ 6. నది.

కెనూలు కొత్తవి. నీళ్లలోకి తోసే ముందు మూర్తి గారు ముక్కులకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయలు కట్టి, కొబ్బరికాయ కొట్టారు. దసరాకి ఆఫీసులో కంప్యూటర్లకు చేసినట్టే. కొబ్బరి నీళ్లు పడవ మీద చల్లారు. ప్రసాదం — కొబ్బరి, బెల్లం, అరటిపళ్లు.

శ్రావణి చిన్న కొబ్బరి ముక్క కళ్లకద్దుకుని తింది. బెల్లం ముట్టలేదు. మిగిలిన కొబ్బరీ బెల్లమూ పద్మ గారు కొత్త చేతిరుమాలులో కట్టారు. నేను డ్రమ్ము మూత తీశాను.

"అందులో కాదమ్మా. ప్రసాదం నీసులో పెట్టకూడదు."

బట్టల సంచి? రేపటి నుంచి మాసిన బట్టలు అందులోనే. అదీ కాదు. నలుగురం నిలబడి సంచుల వంక చూశాం. శుభ్రమైనది ఒకటే ఉంది.

"మందుల దాంట్ల పెట్టు సిస్టరమ్మా. దేవుడు నా సూదులకు కావలుంటడు."

పెట్టాను. మూడు మడతలు. బకిల్. తడి తువ్వాలు.

తర్వాత నది. రాయడానికి మాటలు లేవు... మంచి అర్థంలోనే.

నవంబర్ 7

నేనూ శ్రావణీ ఒక పడవ. ఆమె ముందు, నేను వెనక. ఆమె తెడ్డు వేస్తూ మాట్లాడుతుంది, నేను తెడ్డు వేస్తూ వింటాను. ఒకచోట కొండలు రెండు వైపులా దగ్గరకొచ్చాయి. అక్కడ ఆమె కూడా మాట్లాడలేదు.

ఎండ గట్టిదే, కార్తీకమైనా. ఎర్ర సంచి నా కాళ్ల దగ్గర నీడలో. నల్ల సంచి పైన తాడుతో కట్టి ఉంది.

సాయంత్రం సూది కోసం ఎర్ర సంచి విప్పితే పులిసిన వాసన. కొబ్బరి చెడింది. రుమాలు తడిగా, జిగటగా.

నీళ్లలో కలిపేద్దామా అన్నాను. పైకే అన్నాను. పద్మ గారు ఆకాశం చూశారు. "దీపాల వేళ దాటింది. పొద్దున్నే స్నానాలు చేసి కలుపుదాం. మైల చేతులతో వద్దు."

శ్రావణి రుమాలును ఒక ప్లాస్టిక్ కవరులో చుట్టి మళ్లీ సంచిలోనే పెట్టింది. సంచి మా గుడారంలోకి. చక్కెర నూట ముప్పై. "చూడు, నది నా షుగర్ గూడ తగ్గించింది" అంది.

నవంబర్ 8

వరసగా రాయాలి.

తెల్లారగానే అందరం స్నానానికి దిగాం. ప్రసాదం కలపాలి కదా. స్నానమయ్యాక రుమాలు తెస్తానని శ్రావణి తడి జుట్టుతో గట్టెక్కింది. ఆమె అరుపు కాదు, ముందు గుర్రుమనే చప్పుడు వినిపించింది. మూర్తి గారు గరిటెతో గిన్నె బాదుతూ పరిగెత్తారు. అడవిపందులు — పెద్దవి రెండు, వెనక పిల్లలు. తుప్పల్లోకి పోయాయి.

మా గుడారం గుడ్డ చీలి ఉంది. నీలం డ్రమ్ము వంక కూడా అవి పోలేదు.

"తిండి ముట్టలేదండీ, దేవుడి దయ" — పద్మ గారు. అప్పటికి ఆమె చూడలేదు.

ఎర్ర సంచి తుప్పల అంచున. అడుగు మొత్తం చీలిపోయి ఉంది. రుమాలు నాకినట్టు శుభ్రంగా. నమిలిన పెన్నుల ముక్కలు, మట్టి, గాజు. ఇన్సులిన్ వాసన ఘాటుగా ఉంటుందని నాకు ఇవాళే తెలిసింది.

సబ్బు దాచాం. టూత్‌పేస్టు దాచాం. బెల్లం దాచలేదు. నలుగురిలో ఒక్కరికీ అది తిండి లెక్కలోకి రాలేదు.

శ్రావణి గాజు ముక్కలు ఏరింది. "ఇంకో జత ఉన్నది గద. గా మొహాలేంది? నేనింక సావలేదు."

అదే రోజు. మధ్యాహ్నం.

నల్ల సంచిలోని పెన్నుతో వేసుకుంది. చక్కెర రెండు వందల ఎనభై. మోతాదు పెంచి మళ్లీ వేసుకుంది. మూడు వందల అరవై.

పెన్నును వెలుతురుకి పట్టి చూసింది. అద్దంలా ఉండాల్సిన మందు మబ్బుగా ఉంది. సన్నటి నలకలు.

నల్ల సంచి రెండు రోజులు నడినెత్తి ఎండలో ఉంది. లోపల చెయ్యి పెట్టాను. బట్టలు పొడిగా, వెచ్చగా, ఇస్త్రీ చేసినట్టు ఉన్నాయి. చుక్క తడి లేదు.

"అన్నం ఉడికినట్టు ఉడికింది" — శ్రావణి. నవ్వాలని చూసింది.

మూర్తి గారి ముఖంలో రంగు లేదు. వెనక్కి రెండు రోజులు. ముందుకి ఒక రోజు, అక్కడ బండి ఉంటుంది. ముందుకే.

అదే రోజు. సాయంత్రం.

ఎదురుగాలి. పడవ ముక్కు పక్కకి తిరిగిపోతోంది. ఇప్పుడు ముందు పద్మ గారు కూర్చున్నారు, శ్రావణి మధ్యలో, సంచులకు ఆనుకుని. నీళ్లు తాగుతూనే ఉంది. మాటిమాటికీ ఒడ్డుకి ఆపమంటోంది. సిగ్గు పడటం మానేసింది.

అన్నం పెట్టలేదు. పెట్టకూడదు.

చీకటి పడింది. రాళ్లు కనిపించడం లేదు, ఆగక తప్పలేదు. షుగర్ మీటరు అంకె చూపించడం మానేసింది. ఎక్కువ అని మాత్రమే చూపిస్తోంది.

నవంబర్ 9

వాంతులు. ఊపిరి పొడుగ్గా, లోతుగా తీస్తోంది, పరిగెత్తి వచ్చినట్టు. ఊపిరికి ఒక వాసన — మాగిపోయిన పండు వాసన. పడవంతా అదే.

తెడ్డు. తెడ్డు. అరచేతులు చిట్లాయి. నొప్పి తెలియడం లేదు.

"సిస్టరమ్మా, ఇంక ఎంత దూరం?"

దగ్గరే, అన్నాను. నాకు తెలియదు.

ఆ తర్వాత ఆమె ఏమీ అడగలేదు. అడిగితే బాగుండు.

ఎండ నెత్తికెక్కే వేళకి ఒడ్డు. బండి ఉంది. డ్రైవరు ఆమెను చూసి బీడీ పారేశాడు, ఒక్క మాట అడగలేదు. దారిలో, వెల్లకిలా పడుకోబెట్టినప్పుడు, మళ్లీ వాంతి. పక్కకి తిప్పేసరికి ఆలస్యమైంది. గొంతులో గురగుర.

జిల్లా దవాఖానలో మొదటి సూది. అక్కడి నుంచి అంబులెన్సులో హైదరాబాదుకి.

నవంబర్ 10

మాదాపూర్. ఆఫీసు కిటికీలోంచి రోజూ కనిపించే ఆసుపత్రి ఇదే. లోపలికి ఎప్పుడూ రాలేదు.

ఐసీయూ. ఊపిరికి గొంతులో గొట్టం పెట్టారు. చక్కెర దిగుతోందట, రక్తంలో ఆమ్లం తగ్గుతోందట. అది కాదు ఇప్పుడు. వాంతి ఊపిరితిత్తుల్లోకి వెళ్లింది. అదీ భయం.

లక్ష్మయ్య గారు డ్యూటీ నుంచి అలాగే వచ్చారు. అదే యూనిఫాం. గోడకి ఆనుకుని కింద కూర్చున్నారు, కుర్చీలు ఖాళీగా ఉన్నా. పక్కన నేనూ కిందే.

నవంబర్ 11

టీమ్ గ్రూపులో అందరూ దణ్ణం బొమ్మలు పెడుతున్నారు. నా ఫోన్ కట్టేశాను.

పద్మ గారు వచ్చారు. ఫ్లాస్కులో టీ. నన్ను లిఫ్టు దగ్గరికి తీసుకెళ్లి — "ఆ రుమాలు సంగతి శ్రావణి వాళ్ల నాన్నకి చెప్పావా?" చెప్పలేదన్నాను. "నేనే కదమ్మా వద్దన్నది. రెండుసార్లు." చీర కొంగు నోట్లో కుక్కుకున్నారు. ఆమెను ఎలా పట్టుకోవాలో తెలియలేదు. మోచెయ్యి పట్టుకున్నాను.

నవంబర్ 12

జ్వరం తగ్గలేదు. మందు మార్చారు.

లక్ష్మయ్య గారు అడిగారు. ఉన్నట్టుండి.

"పందులు మందుల సంచిలకెందుకు వొచ్చినయి బిడ్డా? మందుల ఏముంటది వాటికి?"

కొబ్బరీ బెల్లమూ ఉన్నాయండి, అన్నాను. పూజవి. తిండి డ్రమ్ములో నీసు ఉందని నేనే అందులో పెట్టాను.

"దేవునియా?"

అవునండి.

ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నారు. దాని అంచు సరిచేశారు. "మరి నీసుల ఎట్ల పెడ్తవు" అన్నారు. నాతో కాదు. చేసిన లెక్క మళ్లీ చేసి చూసుకుంటున్నట్టు. కాసేపటికి — "నేనున్నా గా సంచిలనే పెట్టమందును."

తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని.

నవంబర్ 13

లోపలికి ఒకరినే పంపుతారు. ఆయన వెళ్లరు. "నాకు ఆ గొట్టాలు సూడనొస్తలేదు, నువ్వు పో." రోజూ నేనే.

చేతులు కడిగించి, గౌను తొడిగి పంపుతారు. శ్రావణి వేళ్లు వాచాయి. జుట్టు ఎవరో రెండు జడలు వేశారు, బడి పిల్లకి వేసినట్టు. ఆమెకి అసహ్యం అలా. చెవి దగ్గర మాట్లాడమంది నర్సు, వినిపిస్తుంది అంది.

హాస్టల్ గదిలో నీళ్లు వస్తున్నాయని చెప్పాను. మూడో మంచం అమ్మాయి నీ దుప్పటి వాడుకుంటోందని చెప్పాను. అది అబద్ధం. కోపం వస్తే కళ్లు తెరుస్తుందేమోనని.

రెప్ప కదిలినట్టు... నర్సు అలాంటివి జరుగుతుంటాయంది.

నవంబర్ 14

బ్యాగులో పుస్తకం ఉంది. పొద్దుటి నుంచి అదే పేజీ.

నవంబర్ 15

డాక్టరు పిలిచారు. రేపు గొట్టం తీసి చూస్తారట. తనంతట తాను ఊపిరి తీసుకుంటే సరే. లేకపోతే మళ్లీ పెట్టాలి, అప్పుడిక చెప్పలేం అన్నారు. "ఇంట్లో వాళ్లు ఇంకెవరైనా ఉంటే పిలిపించుకోండి." అదే మాట ఇంగ్లీషులో, తర్వాత తెలుగులో. రెండుసార్లూ ఒకేలా వినిపించింది.

బయటికొచ్చాక లక్ష్మయ్య గారు — "వాళ్లమ్మకు సెప్పలే నేను."

ఏమీ చెప్పలేదా?

"షుగర్ జర ఎక్కువైంది, దవాఖానల సూపిచ్చినం, తగ్గిందన్న. పత్తి తీసే దినాలు. ఒక్కతే ఉన్నది ఆడ. సంగతి ఇంటే ఆగమైతది." ఫోన్ నా చేతిలో పెట్టారు. "నాతోని కాదు బిడ్డా. నువ్వు సదువుకున్నదానివి, నెమ్మదిగ సెప్తవు. బస్సెక్కి రమ్మను. అంతే సెప్పు."

ఫోన్లో మాట్లాడాలంటే నాకు ఇప్పటికీ అరచేతులు చెమట పడతాయి. బట్టల కొట్టుకి ఫోన్ చేయాలన్నా శ్రావణే చేసేది నా బదులు.

చేశాను. ఎత్తలేదు. పొలంలో ఉండి ఉంటారు. మెట్ల దగ్గర నిలబడి ఏం చెప్పాలో మనసులో పేర్చుకున్నాను. నమస్కారమండి. నేను శ్రావణి రూమ్మేట్‌ని. ఒకసారి రావాలండి. ఇవాళే.

ఆమే తిరిగి చేశారు. హలో అన్నాను. గాలి హోరు, ఎవరో కూలీల నవ్వులు.

"ఎవలు? సిస్టరమ్మనా? అది సెప్తది నీ గురించి. దినాం నీ ముచ్చటనే. తగ్గిందా దానికి?"

నమస్కారమండి, అన్నాను. పేర్చుకున్న దాంట్లో అదొక్కటే వచ్చింది.

"అన్నం తిన్నదా? సూది ఏసుకున్నదా?"

ఇస్తున్నారండి.

"మంచిగ సూస్కో తల్లీ. మా దానికి నోరెక్కువ, ఎరుక తక్కువ." నవ్వారు. నవ్వు అచ్చం శ్రావణిదే. "జర ఫోన్ ఇయ్యి దానికి. మాట్లాడి పది దినాలాయె."

లక్ష్మయ్య గారు నా ముఖం చూడటం లేదు. గాజు తలుపు అవతల నర్సు సెలైన్ సంచీ మారుస్తోంది.

"బిడ్డా? లైన్ల ఉన్నవా?"

ఉన్నానండి, అన్నాను.